మిడత కూర్చున్న పొద్దు

ఆ పిల్లకి మిడత అని పేరు పెట్టింది పిన్ని. ఒక్క ముద్ద నోట్లో పెట్టుకుని ఇల్లంతా చుట్టి వచ్చే పిల్లకి అంతకంటే మర్యాదైన పేరు దొరకలేదని ఆమె వాదన. కాలేజీలో కామర్సు చదువుతున్నా ఆ పేరు వదల్లేదు సరికదా, రోజూ ఆమెతో పాటే బస్సెక్కి వచ్చి క్లాసులో కూడా చేరిపోయింది.

ఆ సోమవారం మిడత అకౌంట్స్ క్లాసు ఎగ్గొట్టి, కాలేజీ వెనకవైపున్న బొమ్మల బ్లాకులో వరండా ఈ చివర్నుంచి ఆ చివరికి తిరుగుతోంది. దానికో గంభీరమైన పేరుంది. బోర్డు మీద రాసి కూడా ఉంది. ఎవరో విద్యార్థి ఆ బోర్డు మీద కూడా బొమ్మ వేసేయడంతో అందరూ బొమ్మల బ్లాకనే అంటారు.

వచ్చిన పని కానుక. శుక్రవారం పిన్నికి పెళ్ళి. నలభై ఆరేళ్ళ పిన్నికి.

పిన్నిది ఆస్పత్రిలో రక్తం తీసే ఉద్యోగం. గుచ్చినట్టు తెలియకుండా గుచ్చుతుందని పేరు. మాటల దగ్గర మాత్రం అంత జాగ్రత్త పడదు. పెళ్ళికొడుకు అదే ఆస్పత్రిలో లిఫ్టులు బాగుచేసే మెకానిక్కు. ఓసారి లిఫ్టు రెండు అంతస్తుల మధ్య ఆగిపోయింది. లోపల సీసాల ట్రేతో పిన్ని, పైన తీగలు విప్పుతూ ఈయన. లోపలున్న మనిషి భయపడకుండా పైనుంచి కబుర్లు చెబుతూ బాగుచేశాడట. తీరా లిఫ్టు కదిలాక పిన్ని దిగలేదు. "మాట సగంలో ఉందే, అందుకని ఇంకో రెండు రౌండ్లు కొట్టాం," అని తనే చెప్పింది, సిగ్గనేది లేకుండా.

ఆయన వీళ్ళింటికే వచ్చేస్తాడు. "నువ్వు వద్దంటే మానేస్తానే. మొహమాటపడకుండా చెప్పు," అంది పిన్ని. మిడత "సరే" అంది. పిన్ని ఆమె ముఖంలోకి చూసి, "సరే అనేది ఇలాగా?" అని ఊరుకుంది.

మిడతకి సరే అనడం కొత్త కాదు. అమ్మ పోయిన కొన్నాళ్ళకి నాన్న మళ్ళీ పెళ్ళి చేసుకుంటానన్నప్పుడూ ఇలాగే అంది. అప్పటికింకా బడికి కూడా వెళ్ళని వయసు. లంచం కొత్త గౌను. ఆ గౌను పొట్టయ్యేలోపే నాన్న ఫోన్లు కూడా పొట్టయిపోయాయి. అప్పట్నుంచీ తనని పెంచిన అమ్మ చెల్లెలు, ఈ పిన్ని, అలాంటిది కాదని బుర్రకి తెలుసు. కాళ్ళకి తెలియడం లేదు, ఓ చోట నిలవడం లేదు. అందుకే ఆ సరే ఏదో కానుక చేత చెప్పించేస్తే తన పీడ వదులుతుందనుకుంది.

కానుకల దగ్గర పిన్నికో పట్టుంది. కొన్నవి పనికిరావు. ఆస్పత్రివాళ్ళు ఏటా ఇచ్చే గోడ గడియారాలన్నీ బీరువా అడుగున తలో టైమూ చూపిస్తూ పడున్నాయి. "నేనెవరో దుకాణంవాడికి తెలుసా? నా కోసం ఎవరైనా కాస్త ఒళ్ళు వంచితే అదీ కానుక," అంటుంది. కిందటి పుట్టినరోజుకి మిడత స్కార్ఫు అల్లబోయింది. సగంలో ఓపిక చచ్చి అది జేబురుమాలయింది. మెడకి చాలక, పిన్ని దాన్ని మణికట్టుకి చుట్టుకుని డ్యూటీకి వెళ్ళింది.

బొమ్మల బ్లాకులో మొదట దొరికినవాడు ముద్ద. కుండల చక్రం దగ్గర కూర్చునేవాడు, మోచేతుల దాకా మట్టి. ఇక్కడ డబ్బులు పుచ్చుకోరు. పనికి పని చెయ్యాలి. మిడత అరగంట మట్టి పిసికితే కప్పుల జత చేసిస్తానన్నాడు. మిడత పిసకడం మొదలుపెట్టింది.

"పెళ్ళి కానుకా? అయితే ఒకటి ఆవిడకి, ఒకటి ఆయనకి. ఆయన చెయ్యి పెద్దదా చిన్నదా? పిడి దాన్నిబట్టి పెట్టాలి."

"ఆయనకెందుకు? ఒకటి పిన్నికి, ఇంకోటి నాకు."

ముద్ద చక్రం ఆపేశాడు. "పెళ్ళి వాళ్ళది, కప్పు నీదా?"

"పొద్దున్నే టీ మేమిద్దరమే తాగుతాం. ఎప్పట్నుంచో."

"మరి ఆయన?"

"ఆయనకి గ్లాసుంది."

"తల్లీ, ఇది కానుక కాదు. ఇంటి మీద స్టే ఆర్డరు," అన్నాడు ముద్ద. "నేను చెయ్యను. నా కప్పులు అలాంటి గొడవల్లో ఇరుక్కుంటే బట్టీలోనే పగిలిపోతాయి."

"నీ కప్పులు మామూలుగా కూడా పగిలిపోతాయట, బయట చెప్పుకుంటున్నారు," అని మిడత చేతులు కడుక్కోకుండానే లేచిపోయింది.

పై అంతస్తులో బొగ్గు ఉంది. బొగ్గుతో బొమ్మలు వేసే అమ్మాయి. చేతులెప్పుడూ నల్లగానే ఉంటాయి, ఆలోచించినప్పుడల్లా ముక్కు తుడుచుకోవడంతో ముక్కు కూడా. మిడత ఫోన్లో పిన్ని ఫోటో చూపించింది. బొగ్గు దాన్ని పెద్దది చేసి చూసింది.

"ఈ భుజం మీద వేళ్ళెవరివి?"

"ఎవరివో. కత్తిరించాను, అవి ఉండిపోయాయి. నువ్వు తీసేసి వెయ్యి."

"వేళ్ళు తీసేస్తే కింద భుజం ఎలా ఉంటుందో నాకెలా తెలుస్తుంది? ఆవిడ ఆ వేళ్ళవైపే కాస్త వాలి ఉంది. తీసేస్తే పడిపోయేలా కనిపిస్తుంది." ఫోన్ తిరిగిచ్చేసింది. "అసలు నేను ఫోటో చూసి వెయ్యను. మీ ఇంటికొచ్చి ఎదురుగా కూర్చోబెట్టి వేస్తాను. బదులుగా నువ్వు రేపు పొద్దున్న మా క్లాసుకి మోడల్‌గా కూర్చోవాలి. రోజూ కూర్చునే తోటమాలి తాతకి జలుబు. తుమ్మినప్పుడల్లా అందరి గీతలూ పాడవుతున్నాయి."

"ఎంతసేపు?"

"రెండు గంటలు."

"నేను సినిమాకే అంతసేపు కూర్చోను."

"అయితే ఓ గడియారం కొనిచ్చెయ్యి, పెళ్ళికి," అంది బొగ్గు, ఏమీ తెలియకుండానే.

మర్నాడు పొద్దున్న టీ దగ్గర పిన్ని ఏదో అడగబోయి, మిడత ముఖం చూసి, ఊరుకుని డ్యూటీకి వెళ్ళిపోయింది. మిడత కాలేజీకి వెళ్ళి చెక్కదిమ్మె మీద వేసిన స్టూలెక్కింది. చుట్టూ స్టాండ్ల వెనకనుంచి తలకాయలు. ఒక్కొక్కరూ చెయ్యి బారజాపి, పెన్సిలు నిలబెట్టి, ఒక కన్ను మూసి ఆమెని కొలుస్తున్నారు. ముందు ముక్కు దురద పుట్టింది. అది సర్దుకునేలోపు మోకాలు. మోకాలు కదిపితే వెనకనుంచి "అబ్బా!" అని మూలుగు.

"ఏదైనా ఒక్క విషయం గురించి ఆలోచించమ్మా," అన్నారు మాస్టారు. "మనసు ఒక చోటుంటే ఒళ్ళూ ఉంటుంది."

మిడత ఆలోచించింది. శుక్రవారం నుంచి స్నానాలగది తలుపు వెనక ఎవరి తువ్వాలు వేలాడుతుంది? టీవీ రిమోట్ ఎవరి చేతిలో ఉంటుంది? తనకి జ్వరమొస్తే పిన్ని మునుపట్లా తన పక్కనే వచ్చి పడుకుంటుందా, లేక గుమ్మంలోంచి చెయ్యి ఊపి వెళ్ళిపోతుందా? చేతులు మాట వినలేదు, కాళ్ళు వినలేదు. అరికాళ్ళు దిమ్మె మీద దరువేస్తూనే ఉన్నాయి. ఒళ్ళు ఎంత కదిలినా ఆలోచన మాత్రం అక్కణ్ణుంచి కదల్లేదు.

గంట అయ్యాక మాస్టారు చాలన్నారు. మిగతా గంట భరించే ఓపిక తన పిల్లలకి లేదన్నారు. మిడత ఒక్క దూకు దూకి, ఒళ్ళు విరుచుకుని, వరసగా స్టాండ్ల వెనక్కి వెళ్ళి చూసింది.

ఒకరు మిడతకి నాలుగు చేతులు వేశారు, ఏది నిలుస్తుందో తెలియక. ఒకరు కాళ్ళ చోట పొగ పెట్టారు. ఒకరికి చెయ్యి తిరగలేదు, ఒకరికి జుట్టు కుదరలేదు. కానీ అందరి కాగితాల మీదా ముఖం మాత్రం ఒకటే. పెదవులు బిగించి, కనుబొమల కిందనుంచి చూస్తూ, తన కంచం ఎవరో లాక్కోబోతున్నట్టు కాచుకుని కూర్చున్న పిల్ల.

"ఈ ఏడుపుముఖం నాదా?"

"నీదే," అంది బొగ్గు. "ఐస్‌క్రీం ఎవరైనా అడుగుతారేమోనని మా తమ్ముడు ఇలాగే పెడతాడు. మేమింకా మొదట్లో కాస్త మార్చి వేద్దామనుకున్నాం. మారితేగా!"

"చేతులూ కాళ్ళూ ఉంచలేదు గానీ," అన్నారు మాస్టారు, "ముఖం మాత్రం రాయిలా ఉంచావమ్మా. మంచి మోడల్‌వి."

మిడత ఒక్కో కాగితం దగ్గరికీ మళ్ళీ వెళ్ళి చూసింది. అప్పుడు తట్టింది. ఆ రోజు సరే అన్నది ఈ ముఖంతోనే. పిన్ని విన్నది సరే అయినా, చూసింది ఇదీ. ఇవాళ టీ దగ్గరా ఇదే.

వరండాలోకి పరిగెత్తి పిన్నికి ఫోన్ చేసింది. "పిన్నీ, శుక్రవారం..."

"శుక్రవారం సంగతి మర్చిపోవే," అంది పిన్ని మామూలు గొంతుతో, మరీ మామూలు గొంతుతో. "వద్దులెండి అని ఇందాకే ఆయనతో చెప్పేశాను."

"ఎందుకు?"

"ఊరికే. ఈ వయసులో ఏం తొందర? నువ్వు టిఫిన్ తిన్నావా? ఇక్కడ లైన్లో జనం ఉన్నారు," అని పెట్టేసింది.

నిజానికి మిడతకి హాయిగా ఉండాలి. కోరుకున్నదే కదా. కానీ వరండా చివరిదాకా వెళ్ళి వచ్చింది, మళ్ళీ వెళ్ళింది, హాయి మాత్రం రాలేదు. తిరిగి క్లాసులోకి వెళ్ళి, "మాస్టారూ, ఈ బొమ్మలన్నీ నాకు కావాలి," అంది.

"అన్నీనా? మార్కులు వెయ్యాలమ్మా."

"వేసే ఇవ్వండి. నిలబడతాను."

ఆమె నిలబడడం అంటే ఏమిటో తెలిసిన మాస్టారు గబగబా మార్కులు వేసేశారు.

మధ్యాహ్నం డ్యూటీ దిగి వచ్చిన పిన్ని ముందుగదిలో కుర్చీలో కూర్చుని, బకెట్టు వేణ్ణీళ్ళలో కాళ్ళు పెట్టుకుంది. మిడత కాగితాల చుట్ట విప్పి, అన్నీ బకెట్టు చుట్టూ నేల మీద పరిచింది. పిన్ని లేవడానికి దారి లేదు.

"ఏవిటే ఇది?"

"నువ్వే చూడు."

పిన్ని కళ్ళజోడు పెట్టుకుంది. మొదట పకపకా నవ్వింది. "నాలుగు చేతులేవిటే? వీడెవడో నిన్ను బాగానే కనిపెట్టాడు." తర్వాత నవ్వు తగ్గింది. ఒక్కోటీ వంగి చూసింది. "ఈ ముఖం నాకు తెలుసు. నేను రాత్రి డ్యూటీకి వెళ్తుంటే, పక్కింటి మామ్మ చెయ్యి పట్టుకుని గుమ్మంలో నిలబడేదానివి. అచ్చం ఇదే."

"ఏడ్చేదాన్నా?"

"ఏడిస్తే నయమే. ఇలా చూసేదానివి. వీధి మలుపుదాకా వీపు మండేది నాకు."

"అయినా వెళ్ళేదానివి."

"వెళ్ళకపోతే ఎలాగే? ఉద్యోగం."

"పొద్దున్నే వచ్చేసేదానివి."

"వచ్చేదాన్ని."

మిడత గది ఆ మూలకి వెళ్ళి ఈ మూలకి వచ్చింది. "మరి ఇప్పుడేం వచ్చింది? ఈ ముఖం చూసి ఆగిపోయావు? పళ్ళ డాక్టరు దగ్గరికి నా ముఖం చూసే తీసుకెళ్ళావా? కామర్సులో చేర్పించినప్పుడు నా ముఖం ఎలా ఉంది? అన్నిటికీ కళ్ళు మూసుకుని ఈడ్చుకెళ్ళినదానివి, ఇప్పుడు కొత్తగా మర్యాద నేర్చుకున్నావా?"

"అరవకే, పక్కింటికి వినిపిస్తుంది."

"విననీ. నాకిష్టం లేదు పిన్నీ. ఆయన తువ్వాలు ఇష్టం లేదు. టీ దగ్గర ఆయన ఉండడం ఇష్టం లేదు. ఇష్టం కావడానికి ఎన్నాళ్ళు పడుతుందో నాకు తెలీదు. సరే అని అబద్ధం చెప్పాను. ఇదీ నిజం." కాలితో ఓ కాగితాన్ని ముందుకు జరిపింది. "ఇలా ముఖం పెట్టుకోవడం నా పని. దానికోసం పెళ్ళి మానెయ్యడం నీ పని కాదు. చేసుకో."

పిన్ని కళ్ళజోడు తీసి తుడిచింది. మళ్ళీ పెట్టుకుంది. మళ్ళీ తీసింది.

"పెళ్ళికి ఇన్ని ఏడుపుముఖాలు కానుకిచ్చినదాన్ని నిన్నే చూశాను," అంది చివరికి. "ఉండు. వీళ్ళంతా నిన్ను ఎదురుగా పెట్టుకుని వేశారా? అంటే నువ్వు కూర్చున్నావా?"

"గంట."

"నువ్వు? ఒక్కచోట?"

"స్టూలు మీద. నీ కోసమే."

పిన్ని వంగి బకెట్లో చేతులు ముంచింది. నీళ్ళు చల్లారిపోయాయి, అయినా కాళ్ళు తీయలేదు. తర్వాత "ఆ ఫోన్ అందుకో," అంది. తడిచేతులతో నొక్కితే నంబరు పడలేదు. చేతులు ఒళ్ళో తుడుచుకుని మళ్ళీ నొక్కింది.

"నేనే. పనిలో ఉన్నారా? ఏం లేదు, పొద్దున్న నేనన్నది... అవును. కాదు, అది కాదు. మా మిడత..." ఫోన్ దూరంగా పెట్టి మిడత వైపు చూసింది. మిడత లాక్కుంది.

"హలో. నేను."

"చెప్పమ్మా," అన్నాడు మెకానిక్కు. వెనక ఎక్కడో సుత్తి శబ్దం. అది ఆగింది.

చెప్పాల్సినవి చాలా ఉన్నాయి. మిడత కిటికీ దాకా వెళ్ళింది, వంటగది గుమ్మం దాకా వెళ్ళింది, పరిచిన కాగితాల మధ్యలోంచి అడుగులు వేసుకుంటూ తిరిగి వచ్చింది. చెప్పాల్సినవాటిలో ఒక్కటీ నోటికి రాలేదు. వచ్చింది ఇది.

"మీరు గురక పెడతారా?"

"ఏవే!" అంది పిన్ని.

అవతల ఆయన నిజంగానే ఆలోచిస్తున్నట్టున్నాడు. "తెలీదమ్మా," అన్నాడు. "ఇన్నేళ్ళూ ఒక్కణ్ణే కదా. పెడితే చెప్పడానికి ఎవరూ లేరు."

మిడత పిన్నికేసి చూసింది. పిన్ని ఏమీ విననట్టు వంగి, నాలుగు చేతుల బొమ్మని నీళ్ళు తగలకుండా పక్కకి జరుపుతోంది.

"సరే లెండి," అంది మిడత, కోపంగానే. "శుక్రవారం త్వరగా రండి. పెడతారో లేదో తర్వాత మేం చెప్తాం."