ఉప్పుగాలి తిన్న చక్రములు

కార్తికమాసారంభమున వర్షాకాలమేఘములు తమ జలభారమును దించుకొని దిగంతముల కొదిగిపోయెను. విశాఖపట్టణ సాగరతీరమున బాలభానుని కిరణములు తరంగశిఖరములపై సువర్ణరేణువులవలె చెదరుచుండ కైలాసగిరి నీలచ్ఛాయ పడమటి వాడలపై మెల్లమెల్లగా కుంచించుకొనుచుండ అలల తాకిడికి లేచిన సూక్ష్మలవణకణములు గాలితో కలసి సౌధములపైనను దీపస్తంభములపైనను కంటికి కానరాని పూతయై పేరుకొనుచుండెను. ఆ చల్లగాలిని మెచ్చని యాత్రికుడు లేడు. అది లోహమును తినివేయుననుట మాత్రము తీరవాసులకే తెలియును.

ఆ తీరమార్గమున నున్న యొక విలాసవంతమైన హోటలు ప్రాంగణములో యాత్రికులకొఱకు వేచియుండు అద్దెకార్ల వరుసయందు నూకరత్నము కారును నిలుచుచుండెను. ఆమె జాలరిపేట యాడపడుచు. పడుచుదనమున చేపలబుట్ట నెత్తిన నిడుకొని వీథివీథి తిరిగినది. పిమ్మట పట్టుదలతో కారు నడుపుట నేర్చి, మంచుగడ్డల కర్మాగారమున పనిచేయు భర్త కామేశు తోడ్పాటుతో నొక పాతకారును సంపాదించుకొన్నది. వెండివన్నెతో మెఱయు దాని అల్లాయ్ అను మిశ్రలోహపు చక్రములన్న నామెకు ప్రాణము.

ఇరుకుసందులలో కాలిబాట గట్టుల నొరసికొని ఆ చక్రముల యంచులపై పూత అక్కడక్కడ లేచిపోగా ఆ గాయములగుండ నుప్పు లోనికి దూరి పూత క్రిందనే ప్రాకి తెల్లని పొక్కులను లేపెను. పొక్కులు పగిలి పొలుసులు రాలెను. టైరు కూర్చుండు లోపలి యంచునందును తెల్లని తుప్పు గట్టిపడుటచే నొక చక్రమునుండి గాలి తెలియకుండ జాఱిపోవుచుండెను. ఒకనాడు వృద్ధదంపతులను సింహాచలమునకు గొనిపోవుచుండ కొండమలుపున ఆ టైరు పూర్తిగా దిగిపోయెను. ఆపద యేదియు వాటిల్లలేదు గాని చక్రము మార్చునంతవఱకు మండుటెండలో నిలువవలసి వచ్చిన యా వృద్ధుడు హోటలునకు మరలి మేనేజరుతో మొఱపెట్టుకొనెను.

మేనేజరు శేషగిరిరావు నలుగురు డ్రైవర్ల యెదుట నామెను పిలిపించెను.

"నీ చక్రాలు ఎప్పుడైనా చూసుకున్నావా? పొలుసులు రాలుతున్నాయి. చేపలబుట్ట దించి కారెక్కినంత మాత్రాన సరిపోదమ్మా. రేపటినుంచి గేటు లోపల కనిపించకు."

ఆమె ముఖము జేవురించెను.

"బుట్ట దించీసినాను గానీ తల దించలేదు బాబూ. సక్రాలు బాగుసేసుకునే వస్తాను."

ఆ సాయంకాలమే తోటిడ్రైవరగు ఎఱ్ఱినాయుడు చెప్పిన చొప్పున నామె యొక వెండిరంగుడబ్బా తెచ్చి పొక్కులపైననే పిచికారి చేసెను. చక్రములు తళతళలాడెను. మేనేజరు కారును లోనికి రానిచ్చెను. కాని పక్షము గడవకమున్నే లోపల దాగిన తుప్పు క్రొత్తపూతను మునుపటికంటె పెద్దపొక్కులుగా పైకి నెట్టెను. మేనేజరు ఆ పొక్కులను కాలి బూటుతో తట్టి నవ్వి గేటువైపు వ్రేలు చూపెను. ఆ నవ్వుకంటె తాను తుప్పును కప్పిపుచ్చి తన్ను తానే మోసగించుకొంటిననునదియే నూకరత్నమును దహించెను.

ఈ మాఱామె తొందరపడలేదు. చక్రముల నూడదీసి టైర్ల దుకాణమున టైర్లను వేఱుచేయించి యింటిముంగిట పఱచుకొని భర్తతో కూర్చుండెను. మంచినీటితో సబ్బుతో కడిగిరి. గరుకుకాగితముతో ప్రతి పొక్కును దాని చుట్టునున్న పూతను లోహము తెల్లగా తేలువఱకు రుద్దిరి. లోపలి యంచుల తుప్పును గీకి నునుపుచేసిరి. గీతలలో పుట్టీ నింపి ఆరినపిదప నరగదీసిరి. వ్రేళ్ల చర్మము లేచిపోయి నీరు తగిలిన చురుక్కుమనుచుండ కామేశు చేయి దులుపుకొనుచు నడిగెను.

"ఇంత సేసినా ఆడు లోపలికి రానియ్యకపోతే ఏటి సేస్తావే?"

"బయటే నిలబడతాను. ఇవి మాత్రం ఆడికోసం రుద్దడం లేదు."

నాల్గవచక్రమును బోరగించి కడుగుచుండ లోపలివైపున వెండ్రుకవలె సన్నని నెఱ్ఱె యొకటి కనబడెను. ఏదో గోతిలో పడినపుడు పగిలినదై యుండును. చూడవచ్చిన ఎఱ్ఱినాయుడు వంగి చూచి తేలికగా ననెను.

"పుట్టీ పెట్టీసి రంగు కొట్టీ వొదినా. ఎవుడికి తెలస్తాది?"

"నాకు తెలస్తాదిరా. దీని మీద కొండెక్కీది పరాయి పిల్లలు. ఘాటీలో ఇది ఇరిగిపోతే ఆలమ్మకేటి సెప్పను?"

ఆమె యా చక్రమును ప్రక్కకు నెట్టెను. దాని జతది ఆ పట్టణమున నెంత వెదకినను దొరకలేదు. తక్కిన మూటికి పునాదిరంగును వెండిరంగును పైన పారదర్శకమగు పూతను వేసి యారనిచ్చి, నాల్గవదాని స్థానమున కారు వెనుక అవసరమునకై యుంచుకొను అదే కొలతగల నల్లని యినుపచక్రమును బిగించెను.

మఱునాడు గేటుకడ మేనేజరు కారు చుట్టును తిరిగిచూచెను.

"మూడు వెండివి, ఒకటి నల్లదా? ఇదేం వేషం? నాలుగూ ఒకేలా ఉంటేనే లోపలికి."

"పగిలినదానికి రంగేసి తెస్తే నాలుగూ ఒకేలా ఉండేవి బాబూ. అలాగ తేను. ఇది నల్లదే. గట్టిది."

గేటు మూసికొనెను. ఆమె కారును వెనుకకు త్రిప్పి యెదుటనున్న ప్రజామార్గపు టంచున సరిగా గేటున కభిముఖముగా నిలిపెను. వెడలగొట్టవచ్చిన కావలివానితో "రోడ్డు కూడా మీ హోటలోలే ఏసినారేటి?" అనెను. వాడు మరలిపోయెను. దినములు గడచెను. లోపలి కార్లు యాత్రికులతో వచ్చుచు పోవుచుండెను. ఆమెకడ కెవ్వరును రారైరి. పరిహసించువారు పరిహసించిరి. ఉదయముననే వచ్చి యామె యచ్చటనే నిలుచుచుండెను.

ఒక యుదయమున చంటిబిడ్డ నెత్తుకొని యొక యువతి భర్తతో గేటు వెలువడి వచ్చి ఆ నల్లచక్రమును చూచి యాగెను.

"ఇదొక్కటే ఇలా ఉందేమిటండీ?"

నూకరత్నము నెఱ్ఱె సంగతి యంతయు దాచక చెప్పెను. యువతి యొకమాఱు ఆలోచించి భర్త యనుమతికై చూడక తలుపు తెఱచుకొని బిడ్డతో కూర్చుండెను.

"అరకు వెళ్లాలి. పదండి."

వారు తిరిగివచ్చి తోడివారికి చెప్పిరి. వారు మఱికొందఱికి చెప్పిరి. హోటలున దిగిన యాత్రికులు నల్లచక్రపు కారెక్కడ యని కావలివానినే యడుగసాగిరి. కొన్నాళ్లకు శేషగిరిరావు తానై రోడ్డు దాటి వచ్చెను.

"ఆ చక్రం అలాగే ఉండనీ. లోపలే పెట్టుకో అమ్మా. గేటు తీయించాను."

"ఇక్కడ బాగానే ఉంది బాబూ. మీ గేటు మూసినా తీసినా నాకు అడ్డం లేదు."

లోపమును దాచి పొందిన ప్రవేశము నామె యొకమాఱు రుచి చూచియే యున్నది. ఆ లోపమును చూపి నిలిచినచోట నామెకు భయము లేకుండెను. యాత్రికు లెక్కి తలుపులు వేసికొనిరి. మూడు వెండిచక్రములు నొక యినుపచక్రమును కదలెను. బార్లగా తెఱచియున్న గేటు ముందునుండి యామె తలయైనను త్రిప్పక కొండదారి పట్టెను.