కుట్టుకి వదిలిన రెండంగుళాలు

పొద్దున్నే కాఫీ అయినా తాగకుండా టేపమ్మ కొట్టు తాళం తీస్తుంది. లోపలికి వెళ్ళి, మోకాళ్ళ మీద కూర్చుని, ఎడమ గోడ నుంచి కుడి గోడదాకా టేపు పరుస్తుంది. వచ్చిన అంకె నచ్చక ఇంకోసారి పరుస్తుంది. రెండోసారీ అదే అంకె వస్తుంది. లేచి మోకాళ్ళు దులుపుకుని, కుట్టుమిషను మీద లేని దుమ్ము తుడిచి, తాళం వేసి ఇంటికి వస్తుంది. కాఫీ సగం తాగేసరికి మళ్ళీ వెళ్ళి కొలవాలనిపిస్తుంది.

ముప్పై ఏళ్ళుగా మెళ్ళో టేపు లేకుండా ఆవిడని ఎవరూ చూడలేదు కాబట్టి వీధి మొత్తానికీ ఆవిడ టేపమ్మ. అసలు పేరు ఒకటుంది గానీ, అది కరెంటు బిల్లుకి తప్ప ఇంకెవరికీ అక్కర్లేకుండా పోయింది. చొక్కాలు, ప్యాంట్లు, చిన్నపిల్లల గౌన్లు, చిరిగిన కోట్లు, ఏదిచ్చినా కుట్టేది. ఇప్పుడు ఇచ్చేవాళ్ళే లేరు.

జబ్బు వచ్చి కొట్లన్నీ మూయించిన మూడో వారం నుంచి ఆ వీధిలో కొట్లు కుంచించుకుపోవడం మొదలుపెట్టాయి. పనిమీద వచ్చేవాళ్ళు గడప తొక్కని కొట్టు వారానికి అరంగుళం చొప్పున ఇరుకవుతుంది. దీనికి ఎవరూ నోరు వెళ్ళబెట్టలేదు. మరిగే నీళ్ళలో వేస్తే నూలు చొక్కా పొట్టిది కావడం లేదా, ఇదీ అంతే అనుకున్నారు. మూలమీద అసలే ఇరుకైన బొమ్మల కొట్టు పుస్తకాల అలమరంత అయింది. గొడుగులాయన తన కొట్టుని బీరువా తెరిచినట్టు తెరిచి, బయట నిలబడే దులిపి, మళ్ళీ మూసేస్తున్నాడు. కొట్టుకీ కొట్టుకీ మధ్య కొత్తగా సందులు పడ్డాయి, వాటిలో పిల్లులు కాపురం పెట్టాయి.

చిన్న దుకాణాలు నిలదొక్కుకోవడానికి మునిసిపాలిటీ వాళ్ళు సాయం ప్రకటించారు. ఆరు నెలల అద్దె వాళ్ళే కడతారు, పెట్టుబడికి కొంత చేతికిస్తారు, తిరిగి ఇవ్వక్కర్లేదు. షరతు ఒక్కటే. కొట్టు వెడల్పు ఆరడుగులకి తగ్గకూడదు. తగ్గితే అది కొట్టు కాదు, బడ్డీ. బడ్డీలకి వేరే పథకం ఉంది, అదింకా రాలేదు. అధికారి వచ్చి కొలిచి వెళ్తారు. ఆరు నెలల తర్వాత మళ్ళీ వచ్చి కొలుస్తారు. సాయం రాని కొట్లన్నిటినీ కలిపి గోడౌను చేస్తానని భవనం యజమాని ముందే చెప్పేశాడు.

కొలతకి ముందురోజు మధ్యాహ్నం, కూతురు దరఖాస్తు నకలు తీసి చదువుతూ మధ్యలో ఆగిపోయింది.

“అమ్మా, వెడల్పు ఆరడుగుల ఆరంగుళాలని రాశావేంటి?”

“అంతే కదా.”

“ఎక్కడంతే? నెలన్నర కిందట నువ్వు కొలుస్తుంటే పక్కన నేనే ఉన్నాను. ఆరడుగుల రెండు.”

టేపమ్మ కాగితం లాక్కుని చూసింది. చేతిరాత తనదే. అర్థం కావడానికి ఎంతోసేపు పట్టలేదు. ముప్పై ఏళ్ళుగా ఏ కొలత రాసినా కుట్టుకని అటు రెండంగుళాలు, ఇటు రెండంగుళాలు కలిపి రాయడమే ఆ చేతికి తెలుసు. మనిషి ఎదురుగా నిలబడితే ఎలా రాసేదో, కొట్టు ఎదురుగా ఉంటే అలాగే రాసింది. కాగితం అడుగున చిన్న అక్షరాల్లో ఉంది: తప్పుడు కొలత ఇచ్చిన దరఖాస్తు చెల్లదు.

“ఇప్పుడెంతుంది?” అంది కూతురు.

“ఐదడుగుల పదకొండు.”

అబద్ధాలకోరు అనిపించుకుని కొట్టు పోగొట్టుకోవడం టేపమ్మ ఎప్పుడూ ఊహించుకోని సంగతి. మామూలుగా పోగొట్టుకోవడమే ఊహించుకుంటోంది, రోజుకి నాలుగైదుసార్లు.

ఇక ఆ రోజు ఆవిడ కూర్చుంటే ఒట్టు. కూతురి చొక్కా చేయి విప్పి మళ్ళీ కుట్టింది. బాగానే ఉన్న కర్టెను మడత ఊడదీసింది. చివరికి కూతుర్ని కొట్టు బయట నిలబెట్టి, లోపలికి వచ్చి చొక్కా కుట్టమని అడగమంది. కూతురు వచ్చి, “ఏమండీ, చొక్కా కుడతారా?” అని అడిగింది. ఇద్దరూ గోడల వంక చూశారు. కొట్టు మోసపోలేదు. “పైగా ఇంకాస్త ముడుచుకున్నట్టుంది,” అని కూతురు నవ్వితే, టేపమ్మ కోప్పడి బయటికి వచ్చేసి పక్క కొట్లోకి వెళ్ళింది.

పక్క కొట్టు వాళ్ళ అన్నయ్యది. వాచీలు బాగుచేస్తాడు. అసలు రెండూ కలిపి ఒకప్పుడు వాళ్ళ నాన్న కొట్టు. ఆయన పోయాక మధ్యలో ఒక గోడ కట్టి, చెరిసగం చేసుకున్నారు. ఆ గోడకి కూడా రెండువైపులా నాన్న వేయించిన పచ్చరంగే వేయించారు. అదిప్పుడు వెలిసి, పచ్చో బూడిదో చెప్పలేకుండా ఉంది.

అన్నయ్య కంటికి భూతద్దం బిగించుకుని ఎవరిదో పాత చేతివాచీ విప్పుతున్నాడు. ఆయన మోచేతులు రెండూ రెండు గోడలకి తగులుతున్నట్టే ఉన్నాయి. టేపమ్మ కళ్ళతోనే కొలిచేసింది. ఐదడుగుల పది.

“అన్నయ్యా, నువ్వు దరఖాస్తులో ఎంత రాశావు?”

“ఆ రోజు ఉన్నంత. ఆరడుగుల ఒకటి.”

“మరి ఇప్పుడు?”

“కొలవలేదు.”

“ఎందుకు?”

“రేపు ఎలాగూ కొలుస్తారుగా. ఇద్దరు కొలవడం దేనికి?” అని భూతద్దం తీశాడు. “నువ్వెందుకలా కాలుగాలిన పిల్లిలా తిరుగుతున్నావ్?”

ఆవిడ చెప్పింది. ఆయన అంతా విని, “ఉన్నదానికంటే ఎక్కువ రాశావా?” అన్నాడు. తిట్టలేదు, కానీ ఆ మాటే చాలా గట్టిగా తగిలింది. ఆయన సెకను తేడా వచ్చినా వాచీ తిరిగివ్వని మనిషి.

“కావాలని రాయలేదు. చేతికి అలవాటు.”

“అధికారికి అదే చెప్పు. ఉన్నదున్నట్టు చెప్పెయ్.”

“చెబితే ఇస్తారా?”

“ఇవ్వరు,” అని అన్నయ్య మళ్ళీ భూతద్దం పెట్టుకున్నాడు.

మర్నాడు పొద్దున్న కొలతల అధికారి వచ్చింది. పాతికేళ్ళుంటాయేమో. మాస్కు పైన కళ్ళు మాత్రం నలభై రోజులు నిద్ర లేనట్టున్నాయి. చేతిలో స్టీలు టేపు, చంకలో కాగితాలు బిగించిన అట్ట. కోటు భుజాల మీంచి జారిపోతోంది. మనిషి చిక్కిందని టేపమ్మకి చూడగానే తెలిసిపోయింది, అంత భయంలోనూ నడుము దగ్గర ఎంత తీయాలో మనసులో లెక్క పడిపోయింది.

“ఈ వీధిలో పొద్దుట్నుంచి తొమ్మిది కొలిచానండీ,” అంది అధికారి తనలో తాను అనుకుంటున్నట్టు. “ఒక్కటీ ఆరు లేదు. అందరూ నన్నే తిడుతున్నారు. గొడుగులాయన ఏడ్చారు కూడా.”

ఆమె వంగి గోడ నుంచి గోడకి స్టీలు టేపు లాగింది. టేపమ్మ చేతులు నలుపుకుంటూ నిలబడింది. ఊపిరి తీసుకుంటే గోడలు ఇంకా దగ్గరికి వస్తాయేమోనని భయం వేసింది.

“ఐదు పదకొండు,” అంది అధికారి. దరఖాస్తు తిరగేసి, కనుబొమలు ముడిచింది. “దరఖాస్తు పెట్టాక తగ్గడం మీ తప్పు కాదమ్మా, అందరివీ తగ్గాయి. వారానికి అర లెక్కన ఆరు వారాలకి మూడు తగ్గాలి. మీకు ఏడు తగ్గింది. మిగతా నాలుగు అంగుళాలు ఎక్కడివి?”

“కుట్టుకి వదిలినవమ్మా.”

“అంటే?”

“బట్ట కుట్టేటప్పుడు లోపల కొంచెం వదులుతాం. అటు రెండు, ఇటు రెండు. రేపు మనిషి ఒళ్ళు చేస్తే విప్పి వదులు చెయ్యడానికి. అది లేకపోతే ఇక ఆ చొక్కా పారెయ్యడమే. ఆ అలవాటులో కొట్టుకీ కలిపి రాసేశాను. అబద్ధం కాదమ్మా. తప్పు.”

అధికారి కాసేపు కాగితం చూసింది. ఎగతాళి చేయలేదు. ఆఫీసు మనిషి కాబట్టి రాసిందాన్ని రాసినట్టే చూడటం అలవాటు.

“మీరు నాలుగంగుళాలు లోపల వదిలానని రాసిచ్చారు. ఉంటే ఈ కాగితం సరైనదే. లేకపోతే కాదు. ఉంటే చూపించండి.”

టేపమ్మ ఎడమ మూలకి వెళ్ళింది. చూపించడానికి ఏమీ లేదని ఆవిడకి తెలుసు, అయినా బొటనవేలు గోడమూల వెంట పైనుంచి కిందికి నడిపింది. బట్ట లోపల మడత ఉందో లేదో కళ్ళకంటే వేళ్ళకి బాగా తెలుస్తుంది. నడుము ఎత్తుకి వచ్చేసరికి వేలు ఆగింది. అక్కడ గోడ మందంగా ఉంది. గోరుతో గీకితే సున్నం కింద దారం తగిలింది. గట్టి దారం, దగ్గర దగ్గరగా వేసిన కుట్టు, కప్పు నుంచి నేలదాకా పోయింది. ముప్పై ఏళ్ళలో అక్కడ ఆవిడ కుట్టు చూడలేదు.

“బ్లేడు తెస్తాను,” అంది టేపమ్మ.

స్టూలెక్కి పైనుంచి విప్పడం మొదలుపెట్టింది. స్టూలు ఊగకుండా అధికారి పట్టుకుంది. ఒక్కొక్క కుట్టూ తెగుతూ ఉంటే, లోపలికి మడిచి ఉన్న గోడ నెమ్మదిగా విచ్చుకుంది. చివరి కుట్టు నేల దగ్గర తెగేసరికి ఎడమ గోడ అవతలికి జరిగింది. సందులో పడుకున్న పిల్లి విసుగ్గా లేచి వెళ్ళిపోయింది. విప్పిన చోట రెండంగుళాల మేర పచ్చరంగు, నిన్ననే వేసినట్టు ముదురుగా ఉంది.

అధికారి మళ్ళీ కొలిచింది. “ఆరడుగుల ఒకటి.” అట్ట మీద రాసి, సంతకం పెట్టి, మాస్కు లోపల గట్టిగా నిట్టూర్చింది. “ఈ వీధిలో ఇదే మొదటిదమ్మా. అటువైపుదీ విప్పెయ్యండి, ఇంకా విశాలంగా ఉంటుంది.”

“అటుది ఉండనివ్వండి. ఆరు నెలల తర్వాత మళ్ళీ వస్తారుగా.”

“మంచిది. పక్కది వాచీలాయనదేనా?”

టేపమ్మ కుడి గోడ వంక చూసింది. అవతల అన్నయ్య కుర్చీ జరుపుతున్న చప్పుడు వినిపిస్తోంది. ఉన్నదున్నట్టు రాసిన మనిషి. ఆయన గోడల్లో ఎంత వెతికినా దారం దొరకదు. ఆవిడకి ఒక్క క్షణం బ్లేడు దాచేసుకోవాలనిపించింది. ఈ రెండంగుళాలే ఆవిడకి మిగిలిన ధైర్యం. జబ్బు మళ్ళీ వస్తే, కొట్లు మళ్ళీ మూస్తే, విప్పుకోవడానికి ఇంకేమీ ఉండదు.

“అమ్మా, నిలబడి నిలబడి ఉన్నారు. పది నిమిషాలు ఈ కుర్చీలో కూర్చోండి. నేనిప్పుడే వస్తాను,” అని ఆవిడ పక్క కొట్లోకి నడిచింది.

అన్నయ్య గోడ గడియారాల్ని దించి వరసగా నేలమీద పెడుతున్నాడు. ఖాళీ చేయడానికి ఆయన సిద్ధపడిపోయాడని అర్థమై ఆవిడకి ఏడుపొచ్చింది. ఏమీ మాట్లాడకుండా ఇద్దరి కొట్లకీ మధ్యనున్న గోడ దగ్గరికి వెళ్ళి, మూలలో వేలు పెట్టి వెతికింది. దారం దొరికింది. అక్కడున్న స్టూలెక్కి బ్లేడు పెట్టింది.

“ఏం చేస్తున్నావ్?”

“కుట్టు విప్పుతున్నాను. నా వైపు విప్పితే నాకొస్తుంది, ఇటు విప్పితే నీకొస్తుంది.”

“అది నాది కాదు. నేను రాయలేదు.”

“నేను రాశాను.”

“నీకుంచుకో. ఆరు నెలల తర్వాత నీకు కావాలి.”

“అన్నయ్యా, స్టూలు పట్టుకో, పడిపోయేట్టున్నాను.”

ఆయన ఇంకో మాట అనబోయి, వచ్చి స్టూలు పట్టుకున్నాడు. కుట్లు తెగుతున్నంతసేపూ తల వంచుకునే ఉన్నాడు. చివర్లో గోడ విచ్చుకుని, ముదురు పచ్చచార బయటపడగానే తలెత్తి చూశాడు. చాలాసేపు చూశాడు.

అధికారి వచ్చి స్టీలు టేపు లాగింది. ఒకసారి కాదు, మూడుసార్లు లాగింది.

“ఆరు. సరిగ్గా ఆరు,” అంది. దరఖాస్తులో ఆరడుగుల ఒకటి ఉంది, వారాల లెక్క చూస్తే ఇంకా తగ్గాలి. ఆమె కొత్తగా కనిపిస్తున్న పచ్చచార వంక, టేపమ్మ చేతిలోని బ్లేడు వంక చూసింది. “మీది అందరికంటే తక్కువ తగ్గిందండీ,” అని అన్నయ్యతో అని, రాసి, సంతకం పెట్టింది. “ఈ చార ఇలాగే కొట్టొచ్చినట్టు ఉండిపోతుందా?”

“విప్పి వదిలిన చోటెప్పుడూ అంతేనమ్మా,” అంది టేపమ్మ. “కొన్నాళ్ళు వెలుతురు తగిలితే కలిసిపోతుంది.”

అధికారి వెళ్ళిపోయింది. వీధిలో ఆమె పక్క కొట్టు తలుపు తట్టడం, ఎవరో దగ్గడం వినిపించాయి.

“నీకింకేం మిగిలింది?” అన్నాడు అన్నయ్య.

“ఆరడుగుల ఒకటి.”

“లోపల?”

“లోపలేం లేదు,” అని టేపమ్మ దారం ముక్కలు ఏరుకుంటూ ఉండిపోయింది.

అన్నయ్య సుత్తీ మేకులూ తీసి గడియారాల్ని ఒక్కొక్కటే మళ్ళీ తగిలించాడు. చివరి పెద్ద గడియారానికి ఆ పచ్చచార దగ్గరే చోటు మిగిలింది. మేకు దానిమీద ఆనించి, సుత్తి ఎత్తి, ఆగాడు. తర్వాత మేకుని జానెడు పక్కకి జరిపి, వెలిసిపోయిన పాత గోడలోకి కొట్టాడు.