బీరువాలో ఎస్ప్రెస్సో

నేను ఒక కాఫీ మిషన్ని. ఎస్ప్రెస్సో తీసే రకం. పేరు విని పెద్ద హోటళ్లలో బుస్సుమంటూ ఆవిరి కక్కేదాన్ననుకునేరు, నాకంత సీను లేదు. కరెంటు తీగ కూడా లేదు. ఒక స్టాండు, ఒక గొట్టం, అడుగున పొడి వేసే చిల్లుల గిన్నె, పైన చేత్తో నొక్కే పొడుగాటి పిడి. కోయంబత్తూరులో ఓ షెడ్డులో లేత్ మిషన్ల రొదలో పుట్టి, అట్టపెట్టెలో కాకినాడ చేరాను. ఆ పెట్టెలో ఊపిరాడటం లేదని తెగ ఏడ్చాను. అసలు కష్టం ముందుందని అప్పుడు నాకేం తెలుసు!

నన్ను కొన్నది ప్రసూన. ఆ ఊళ్లోనే భర్తతో వేరే వీధిలో ఉంటుంది. కొన్నది తన కోసం కాదు, తండ్రి గున్నేశ్వరరావు గారి కోసం. కోర్టులో గుమాస్తాగా చేసి రిటైరైన ఆయనకి కాఫీయే లోకం. అలాంటి మనిషికి రెండు కిడ్నీలూ చెడిపోయాయి. వారానికి మూడుసార్లు డయాలసిస్. పైగా రోజుకి ఇంతకు మించి నీరు గొంతు దిగకూడదని డాక్టరు గీత గీశాడు. మాత్రలు మింగే నీళ్లూ మజ్జిగా చారూ అన్నీ ఆ లెక్కలోనే. ఇక కాఫీకి చోటేదీ? పొద్దున్నే పక్కవాటాలోంచి కాఫీ వాసన వస్తుంటే, పాపం, ఆయన కిటికీ దగ్గరికి కుర్చీ లాక్కుని కూర్చునేవారట.

"నాన్నా, ఇందులో రెండు చెంచాలంటే రెండు చెంచాలే వస్తుంది. చిక్కగా ఉంటుంది. రోజుకోసారి పరవాలేదన్నారు డాక్టరు గారు," అంది ప్రసూన, నన్ను వంటింటి గట్టు మీద నిలబెడుతూ.

గింజలు అరకు నుంచి తెప్పించింది. తల్లి సీతారత్నం గారిని పక్కన నిలబెట్టుకుని పాఠం మొదలుపెట్టింది. "వేయించిన వెంటనే వాడకమ్మా. ఓ వారం ఆగు. గింజలో గాలి పోవాలి, లేకపోతే అంతా నురగే."

"తాజా గింజలు కావాలంటావు, తీరా వచ్చాక ఆగమంటావు. ఇదెక్కడి తాజానే తల్లీ!" అంది సీతారత్నం గారు.

కానీ పిల్ల చెప్పింది నిజం. పొడి బొంబాయిరవ్వ కన్నా మెత్తగా, మైదా కన్నా బరకగా ఉండాలి. బరకైతే నీళ్లు సర్రున జారిపోయి కాఫీ పుల్లగా ఏడుస్తుంది. మరీ మెత్తనైతే నా గొంతు పట్టేస్తుంది. పొడి సమంగా అదిమి, మరిగిన నీళ్లు పోసి, పిడి మీద నింపాదిగా బరువు వేయాలి. అప్పుడు సన్నటి ధార దిగుతుంది, పైన గోధుమరంగు మీగడ కడుతుంది. వారం ఆగి తీసిన ఆ రెండు చెంచాలూ నోట్లో పోసుకుని గున్నేశ్వరరావు గారు కళ్లు మూసుకున్నారు. "బతికించావే అమ్మాయ్!" అన్నారు. నేను పొంగిపోయానంటే పొంగిపోయాను.

మర్నాటి నుంచి కాఫీ పెట్టే పని సీతారత్నం గారిది. చెయ్యి తిరిగిన మనిషి, నాలుగు రోజుల్లో పట్టేసింది. చిక్కల్లా గ్లాసు దగ్గర వచ్చింది. ఆ ఇంట్లో పనివాళ్లకైనా సరే గ్లాసు నిండకుండా కాఫీ ఇచ్చిన పాపాన పోలేదు. వెలితి గ్లాసు చేతికివ్వడం మనిషిని పొమ్మనడమేనని అత్తగారు నేర్పిన ఇల్లు. అలాంటిది కట్టుకున్నవాడికి గ్లాసు అడుగున కాస్త కాఫీ ఇవ్వడమా? ఆవిడకి చెయ్యి రాలేదు. పాలగిన్నె ఎత్తి అంచుదాకా పోసేసింది. "పోనీలెండి, ఒక్కపూట నిండుగా తాగండి," అంది. ఆయన చుక్క మిగల్చకుండా తాగేశారు. ఆ ఒక్కపూట రోజూ వచ్చింది. వద్దు మొర్రో అని అరవడానికి నాకు నోరేదీ?

కాళ్లు పొంగాయి. ఓ తెల్లవారుజామున ఊపిరి అందక ఆయన గిలగిల్లాడారు. ఆసుపత్రిలో ఊపిరితిత్తుల్లోంచి నీరు తీశారు. ఏం తాగారని ప్రసూన అడిగితే తల్లి కొంగు నోటికడ్డం పెట్టుకుని, "ఆ మాయదారి మిషనే చేసిందంతా," అంది. ఔరా! నేనిచ్చింది రెండు చెంచాలు కదమ్మా!

ఇంటికొస్తూనే ఆవిడ నన్ను బీరువాలో పడేసి తాళం వేసింది. పట్టుచీరలూ కలరా ఉండలూ నేనూ. చుట్టూ చీకటి. తలుపుకవతల ఆయన మంచం. ఆయన దగ్గు నాకు వినపడేది, ఆయనకి నేను కనపడను. ఇద్దరం ఖైదులోనే ఉన్నాం. భయంతో ఆవిడ కాఫీ మాటే ఎత్తనిచ్చేది కాదు. ఆయన బతిమాలారు, కసిరారు, చివరికి మాటలు మానేశారు. ఓ పొద్దున డయాలసిస్‌కి ఆటో వచ్చి వాకిట్లో హారన్ కొడుతుంటే, "నేను రాను," అన్నారు.

"రాకపోతే ఎలాగండీ? ఏమైనా అయితే?"

"అవనీ. నోట్లో రుచి లేదు, ఒంటినిండా సూదులు. దేనికి రత్నం ఈ బతుకు?"

ఆటో వెళ్లిపోయింది. ఇనప తలుపు వెనక నా ప్రాణం గిలగిల్లాడింది. వరసగా రెండుసార్లు మానేస్తే మనిషి దక్కడని ఆ ఇంట్లో అందరికీ తెలుసు.

మధ్యాహ్నం బీరువా తెరుచుకుంది. సీతారత్నం గారి కళ్లు వాచి ఉన్నాయి. నన్ను తీసుకెళ్లి ఆయన ముందు పెట్టి, "మిషను తప్పు కాదండీ. పాలు పోసింది నేను," అంది.

"తాగింది నేను కాదూ?" అన్నారాయన.

"అమ్మాయి పంపిన గింజలు ఇవాళే వచ్చాయి, నిన్న వేయించినవి. ఇప్పుడు తీస్తే అంతా నురగే. వారం ఆగాలి. ఆగుతారా? ఈలోపు డయాలసిస్‌కి వెళ్లొస్తారా?"

ఆయన నా పిడిని ఒకసారి కిందికి నొక్కి చూశారు. తర్వాత, "సాయంత్రం పూట ఖాళీ ఉందేమో ఫోన్ చెయ్యి," అన్నారు.

వారం నేను గట్టు మీదే ఉన్నాను. ఆవిడ రోజూ డబ్బా మూత తీసి వాసన చూసేది. ఆయన ఆసుపత్రి నుంచి వస్తూనే, "అయ్యాయా?" అని అడిగేవారు.

అయ్యాయి. ఆవిడ గింజలు ఆడింది, పొడి అదిమింది, నీళ్లు పోసి పిడి మీద వాలింది. ఇంత మంచి ధార నా జన్మలో దిగలేదు. గ్లాసు అడుగున నల్లగా, ఇంతే. ఆయన చేతికిచ్చింది. ఇచ్చిందే గానీ, ఆ వెలితి చూస్తూ నిలబడలేకపోయింది. చెయ్యి దానంతటదే పాలగిన్నె మీదకి పోయింది. గిన్నె వంచేసింది కూడా.

ఆయన గ్లాసు మీద అరచెయ్యి అడ్డం పెట్టారు. గోరువెచ్చటి పాలు వేళ్ల మీద పడి, మణికట్టు మీంచి కారి, డయాలసిస్ కట్టుదాకా పోయాయి. చెయ్యి మాత్రం తియ్యలేదు.

"చాలు, రత్నం. నిండింది," అన్నారు.