లింగంపేటలో ఊపిరి పరీక్ష

లింగంపేటలో బీడీలు చుట్టే ఆడవాళ్ల వాడలోకి జీపు రాగానే తలుపులు ధడాధడా మూతబడ్డాయి. జీపులో కూర్చున్న అనిల మొహం మాడిపోయింది. ఆమెది ఎల్లారెడ్డి. హైదరాబాదు విశ్వవిద్యాలయం ఒకటి చేయిస్తున్న పరిశోధనకు ఈ ఊళ్లలో తిరగడం ఆమె పని. పొద్దంతా పొగాకు దుమ్ములో కూర్చునేవాళ్ల ఊపిరితిత్తులు పట్నం వాళ్లకంటే ఎంత ముందుగా పాడవుతున్నాయో తేల్చాలి. గొట్టంలోకి గట్టిగా ఊదితే మిషన్ చెబుతుంది.

ఒక్క ఇంటి తలుపే తెరిచి ఉంది. అరుగు మీద భూమక్క ఒళ్లో చాట పెట్టుకుని బీడీలు చుడుతోంది. పక్కింటి జన్నత్ బీ తునికాకు కత్తిరిస్తోంది.

"అవ్వా, జరసేపు..." అంది అనిల.

"నడువ్ ఈడికెళ్లి."

"సూది గీది లేదవ్వా. ఉత్తగ ఊదుడే."

భూమక్క చాట పక్కన పెట్టి లేచింది. "ముందుగాల గూడ గిట్లనే వచ్చిన్రు. యూనివర్సిటోళ్లమన్నరు. కడుపుతోనున్న నా కోడలి రక్తం తీస్కపోయిన్రు. దాని ఒంట్ల నెత్తురు లేదని మీకు తెల్సింది, మాకు జెప్పలే. కాన్పుల పానం పోయింది. ఇప్పుడు ఊపిరి గావాల్నా మీకు?"

"వాళ్లు వేరేటోళ్లు. మేం కాదు."

"మాకు అందరొక్కటే!"

ఆ అరుపుకు ఆడవాళ్లు బయటికొచ్చి జీపును చుట్టుముట్టారు. ఎవరో అనిల కాగితాల సంచి గుంజి మురుగు మోరీలోకి విసిరేశారు. "మల్ల కనవడ్తే కాళ్లిరగ్గొడ్తం" అన్నారు ఇంకెవరో.

అనిలకు ఒళ్లు మండిపోయింది. చదువు లేని మంద అని దారంతా తిట్టుకుంది. కామారెడ్డి దగ్గరపడేసరికి ఆ కోపం ఇంకోవైపు తిరిగింది. ఊదినవాళ్లకు ఫలితం చెప్పొద్దని, నేరుగా హైదరాబాదుకు పంపాలని తనకూ చెప్పారు మరి.

కామారెడ్డి ఆఫీసులో, ఆ పరిశోధన నడిపే ప్రొఫెసర్ నారాయణ సంగతంతా విని విసుక్కున్నాడు. "ఆ వాడ వదిలేయండి. సదాశివనగర్‌లో చూద్దాం."

"ఊదినోళ్లకు ఫలితం ఆడనే చెప్పాలె సార్. బాగలేనోళ్లను దవాఖానకు తోల్కపోవాలె."

"మనది పరిశోధన, వైద్యం కాదు. మీ పని మీరు చూసుకోండి."

"గట్లయితే నా పని ఇయ్యాల్టితోని ఖతం. ఇంకొకల్లను తోలి చూడున్రి, ఎవలు తలుపు తీస్తరో."

నారాయణ ఆమెను మింగేసేలా చూశాడు. ఆ ఊళ్లకు పోయేవాళ్లు ఇంకెవరూ లేరని ఆయనకూ తెలుసు. "సరే, ఫలితాలు చెప్పుకోండి. ఏమైనా అయితే మాత్రం నాకు సంబంధం లేదు" అని లేచిపోయాడు.

మర్నాడు జీపు వాడలోకి మలుపు తిరగ్గానే మట్టిపెడ్డ వచ్చి అద్దానికి తగిలింది. అనిల దిగి నడివీధిలో నిలబడింది. "ఊపిరి ఎట్లున్నదో మొఖం మీదనే చెప్త. బాగలేకుంటే ఇదే జీపుల కామారెడ్డి దవాఖానకు తోల్కపోత" అని అరిచింది. భూమక్క తుపుక్కున ఉమ్మింది.

జన్నత్ బీ కొంగు దులుపుకుని ముందుకొచ్చింది. "లా ఇటు. నువ్వు ఝూటా మాట్లాడ్తున్నవని అందరికి చూపిస్త."

ఊదింది. దగ్గు తెర ఆగాక మళ్లీ ఊదింది. అనిల మిషన్‌లో అంకె రెండుసార్లు చూసింది. ఈ మాట చెబితే వాడంతా మీద పడుతుందేమో. అయినా చెప్పింది.

"ఖాలా, నీ ఊపిరి సగమే ఉన్నది. ఇయ్యాలనే డాక్టర్‌కు చూపియ్యాలె."

"గది నాకు తెల్వదనుకున్నవా? నాలుగడుగులేస్తే ఆయాసమొస్తది" అంది జన్నత్ బీ కసిగా. "తెల్సి ఏం జేద్దు? ఎవడు తోల్కపోయిండు నన్ను?"

అంటూనే జీపెక్కింది. వెనకే భూమక్కా ఎక్కింది. "ఈమెను నడిమిట్ల దించి పోతవేమో, చూస్త."

దవాఖానలో డాక్టరు మందు పీల్చే గొట్టం ఇచ్చి, బీడీలు చుట్టడం మానాలన్నాడు. "మరి బువ్వ నువ్వు పెడ్తవా?" అంది జన్నత్ బీ. ఆయన తల తిప్పుకుని తర్వాతి రోగిని పిలిచాడు.

సాయంత్రం వాడలో దిగుతూ భూమక్క వేలు చూపించింది. "రేపొచ్చి తక్కినోళ్లయి గూడ చూడు. ఒక్కల సంగతి దాచినా జీపుకు అగ్గి పెడ్త."

ఇంత చేసినా మంచి మాట ఒక్కటి లేదు. "వస్త, పెట్టుకో!" అంది అనిల, అంతే కోపంగా.

తెల్లారి వెళ్లింది. భూమక్కే ముందుగా వచ్చి, అనిల మొహం చూడకుండా, మిషన్ గొట్టం గుంజుకుని ఊదింది.