సరోజినిగారి మెడనొప్పి

నేను ఒక కిక్ బోర్డును. ఈత నేర్చుకునేవాళ్లు పట్టుకుని కాళ్లాడించే నీలం ఫోమ్ పలకను. ఏదో కార్ఖానాలో అచ్చుపోసి, నాలాంటివాళ్లతో కట్టకట్టి కాకినాడలోని ఓ ఈతకొలనుకి పంపారు. తేలడం పుట్టుకతో వచ్చింది. కోపం మాత్రం కోచ్ చక్రధర్ చేతిలో పడ్డాకే అబ్బింది.

ఆయన నన్ను ఎండకి అడ్డం పెట్టుకునేవాడు, గట్టు మీద పీటలా వేసుకుని కూర్చునేవాడు. అదంతా సహించాను. అరవై దాటినవాళ్లు ఎవరొచ్చినా నన్ను చేతికిచ్చి, ఈ వయసులో ఫ్రీస్టైల్ ఎందుకు, దీన్ని పట్టుకుని తేలుతూ ఉండండని చెప్పి ఫోన్ చూసుకోవడం మాత్రం నాకు కడుపుమంట.

సరోజినిగారూ అలాగే నా దగ్గరికి వచ్చారు. పెద్దాసుపత్రిలో నర్సుగా చేసి రిటైరయ్యారు. చిన్నప్పుడు పంటకాలువలో ఈదిన మనిషి. పాములొస్తాయేమోనని తల పైకెత్తి ఈదే అలవాటు. ఆ తలతో, చేతులు మార్చి మార్చి ముందుకేసే ఫ్రీస్టైల్ వేస్తే కాళ్లు కిందికి దిగిపోయేవి, సగం దూరానికే రొప్పు వచ్చేది. లోతు లేని వైపు ఆగకుండా ఆ చివరికి చేరితేనే లోతు వైపు రానిస్తారు. మోకాళ్లు అరిగిపోయి నేల మీద ఎవరో ఒకరి చెయ్యి పట్టుకోవాల్సిన ఆవిడకి కాళ్ల మీద బరువు పడని ఆ లోతే కావాలి.

రెండు చేతులతో నన్ను పట్టుకుంటే ఆ తల ఇంకా పైకి లేచేది. మెడ పట్టేసేది. ఆవిడ మెడ రుద్దుకుంటుంటే నాకు ఒళ్లు మండిపోయేది. ఆ నొప్పి నాతోనే పెట్టించాడు కదా ఆ మహానుభావుడు!

ఒకరోజు ఆవిడ ఆయన్నే అడిగారు. “పిల్లలకి చెప్పేదే నాకూ చెప్పండి సార్.”

“వాళ్లకి ముందు బోల్డంత కాలం ఉందండి,” అన్నాడాయన, ఫోన్ మీంచి తలెత్తకుండా.

సరోజినిగారు పక్క వరసలో పిల్లల్ని చూస్తూ నిలబడ్డారు. తర్వాత ఒక చేత్తో నా అంచు పట్టుకుని, రెండో చేత్తో నీళ్లు లాగారు. ముఖం నీళ్లలో దించి గాలి మెల్లగా వదిలారు. ఊపిరి కావాల్సొస్తే తల ఎత్తకుండా పక్కకి తిప్పారు, ఒక చెవి నీళ్లలోనే ఉంచి. మొదట్లో నీళ్లు మింగారు, దగ్గారు, తిట్టుకున్నారు. ఎన్నేళ్లో రోగుల ఊపిరి లెక్కపెట్టిన మనిషి తన ఊపిరిని కొత్తగా నేర్చుకున్నారు. రోజులు గడిచేకొద్దీ కాళ్లు పైకి తేలాయి. నేను పుట్టిన పని అప్పటికి చేశాను.

వానలు మొదలయ్యాక ఒక ఉదయం నన్ను గట్టు మీద పెట్టి ఆ చివరికి ఈదుతూ బయల్దేరారు. కోచ్ ఆగమని అరిచాడు. చెవులు నీళ్లలో ఉన్నాయి, వినపడలేదు. ఆ చివర గోడ పట్టుకుని చాలాసేపు రొప్పారు. నవ్వారో ఏడ్చారో ముఖమంతా తడే. చక్రధర్ మాత్రం అందరితో అదంతా తన ట్రైనింగే అన్నాడు. నాకు నోరు లేకపోవడం ఆయన అదృష్టం.

మర్నాడు నన్ను వెంకటరత్నంగారనే ముసలాయన చేతుల్లో పెట్టి, అదే పాఠం అప్పజెప్పాడు. ఆయన మెడ నిక్కించుకుని నా మీద వేలాడుతుంటే లోతు వైపు నుంచి సరోజినిగారు వచ్చారు. ఒక చెయ్యి వదలమన్నారు.

“సారు రెండు చేతులతో పట్టుకోమన్నారమ్మా.”

“ఆయన గట్టు మీదున్నారండి. నీళ్లలో ఉన్నది మనం.”