బోరునీళ్ళతో కడిగిన ఇనుము

జయరామప్ప ఇనప రేకు మీద చెంబుడు నీళ్ళు గుమ్మరించి కొనేవాళ్ళకు చూపించేవాడు. చామాకు మీద పడ్డట్టు నీళ్ళు బొట్లుబొట్లుగా జారిపోయేవి. "నీళ్ళే నిలవకపోతే తుప్పు యాడ్నించి వస్తాదప్పా?" అనేవాడు. జిగణిలో ఇనుముకు తుప్పు పట్టకుండా పూత వేసే ఆయన ఫ్యాక్టరీ ఆ ఒక్క మాట మీదే నడిచేది.

2003 వేసవిలో బాపట్ల నుంచి వచ్చిన ఎలిజబెత్ అక్కడ కెమిస్టుగా చేరింది. పూత వేసిన రేకు మీద గీత గీసి, ఉప్పునీటి తుంపర కురిసే పెట్టెలో వేలాడదీసి, ఎన్నాళ్ళకు తుప్పు పడుతుందో రాయడం ఆమె పని. ముప్పై రోజులు నిలవాలి. తొమ్మిదో రోజుకే గీత పక్కన పూత బొబ్బలెక్కింది. బ్లేడుతో లేపితే కింద ఎర్రటి పొడి.

పూతకు ముందు ఇనుమును కడిగే బోరునీళ్ళలోనే ఉప్పుందని ఆమె కనిపెట్టింది. నీళ్ళు ఆరినా ఉప్పు ఇనుము మీద మిగిలిపోయి, పూత కింద చేరి, తేమను లోపలికి లాగుతోంది. ఆ సంగతి రాసి తీసుకెళ్తే జయరామప్ప కాగితం చూడనైనా లేదు.

"ఇరవై ఏండ్లుగా ఈ పని చేస్తాండా. మూడు నెల్ల కింద వచ్చి నాకు ఇనుము కడిగేది నేర్పిస్తావా?"

"చివర్లో ఒక్కసారి ఉప్పులేని మంచినీళ్ళతో కడిగితే చాలు సార్. మనం పూత వేసే ఈ ఇనప నిచ్చెనలు నీళ్ళ ట్యాంకుల్లో బిగిస్తారు. మనుషులు వాటి మీద దిగుతారు."

"రిపోర్టులో ముప్పై దినాలని రాయి. పో."

ఆమె రాయలేదు. మర్నాడు వచ్చేసరికి పెట్టె ఆపేసి ఉంది, రేకులు లేవు. పూత వేసే లైను మేస్త్రి అంజినప్ప గుమ్మంలో నిలబడ్డాడు.

"ఓనరు తీసెయ్యమన్యాడు, తీసేసినా. లైను నిలిచిపోతే ముప్పైమందిమి ఇంట్లో కూర్చోవాల. నీకేం, చదువుకున్యావు, ఇంకో చోటికి పోతావు."

"నిచ్చెన విరిగి ఎవరైనా పడితే?"

"అప్పుడు చూస్తాం."

ఆ రోజు నుంచి క్యాంటీన్లో ఆమె పక్కన ఎవరూ కూర్చోలేదు. వడ్డించే పిల్లమ్మ కూడా కంచం ఠంగుమనేలా పెట్టేది. పరీక్ష గది తలుపు మీద ఎవరో సుద్దతో 'తుప్పు మేడం' అని రాశారు. ఎలిజబెత్ అది చెరపలేదు. బోరునీళ్ళతో కడిగిన రేకు ఒకటి, మంచినీళ్ళతో కడిగింది ఒకటి తీసుకుని, రెంటికీ తనే అదే పూత వేసి, అద్దెగదిలో ఉప్పునీళ్ళ బకెట్లో నానబెట్టింది.

రెండు వారాలకు, అక్కడ పూత వేయించుకునే నిచ్చెనల కంపెనీ నుంచి అభిజిత్ సరుకు చూడ్డానికి వచ్చాడు. జయరామప్ప చెంబు ఎత్తుతుండగా ఆమె రెండు రేకులూ బల్ల మీద పెట్టి, ఏది ఏ నీళ్ళతో కడిగిందో చెప్పింది. అభిజిత్ కారు తాళంతో గీకి చూశాడు. బోరునీళ్ళతో కడిగిన దాని పూత పొరలుగా లేచి తుప్పు రాలింది. రెండోదాని మీద గీత మాత్రమే పడింది.

"ఇవి మావి కావు సార్," అన్నాడు జయరామప్ప. "ఈమెను పనిలోంచి తీసేసినాం. పగతో చేస్తాంది."

"తీసేశారని ఇప్పుడే తెలిసింది," అంది ఎలిజబెత్.

అభిజిత్ రేకు మూలనున్న ఫ్యాక్టరీ ముద్రను పక్కనే నిలబడ్డ అంజినప్పకు చూపించి, ఇది మీదేనా అని అడిగాడు. అంజినప్ప ఓనరు వైపు చూడలేదు, ఆమె వైపూ చూడలేదు. "మాదే," అన్నాడు.

ఆర్డరు ఆగింది. నీళ్ళు మార్చేదాకా లైనూ ఆగింది. జయరామప్ప ఆమెకు ఎక్స్‌పీరియన్స్ సర్టిఫికెట్ ఇవ్వలేదు. పీణ్యలో ఇంకో ల్యాబులో చేరడానికి ఆమెకు ఐదు నెలలు పట్టింది. జిగణి ఫ్యాక్టరీలో నీళ్ళు శుద్ధిచేసే యంత్రం పెట్టారనీ, అది తన ఆలోచనేనని జయరామప్ప అందరికీ చెప్పుకుంటున్నాడనీ అక్కడే విన్నది.

ఏడాది తర్వాత బళేపేటలో ఒక హార్డ్‌వేర్ దుకాణం ముందు అంజినప్ప ఎదురుపడ్డాడు.

"లైను నడుస్తోందా అంజినప్పగారూ?"

"నడుస్తాంది. మూడు వారాలు పని లేక కూర్చున్యాం. నువ్వు మర్చిపోయింటావు, మేం మర్చిపోం."

"నేనూ మర్చిపోలేదు. మళ్ళీ అయినా అదే చేస్తాను."

అంజినప్ప ఆమెను కోపంగా చూసి జనంలోకి వెళ్ళిపోయాడు.