కనకలక్ష్మి పేపర్ కటింగ్

తాను కుట్టిన జాకెట్టు బిగుతైందని ఇరవై ఏళ్లలో ఒక్కరూ వెనక్కి తేలేదని కనకలక్ష్మి చెబుతుంది. అడగకపోయినా చెబుతుంది. ఆవిడుండే గోల్ ఘర్ పేటలో ఆవిడ మాట కాదనే మనిషి ఇంకా పుట్టలేదు.

అలాంటి పేరుకే ఇప్పుడు ముప్పు వచ్చింది. దీవుల ఉత్తరపు కొసనున్న డిగ్లీపూర్‌లో చెల్లెలు గవరమ్మ వాళ్ల మహిళా సంఘం జెండా పండగకు ముప్పై జాకెట్లు కుట్టుకుంటోంది. గుడ్డ ఓడలో వచ్చింది, చెడితే మళ్లీ తెప్పించే వ్యవధి లేదు. మా అక్క కటింగే కావాలని గవరమ్మ సంఘంలో పట్టుబట్టి కూర్చుంది. వెళ్దామంటే బస్సు టికెట్లు దొరకలేదు. రేపు పొద్దున్నే కత్తెర పడాలి.

అమ్మ సైజులవారీగా గీసిన ముక్కలన్నీ కూతురు సుష్మ కంప్యూటర్‌లో గీసి పంపింది. ఎంత పెద్దది చేసినా గీత చెదరని ఎస్‌వీజీ ఫైలు అది. తీరా అక్కడి జిరాక్స్ షాపులో అది తెరుచుకోలేదు, పీడీఎఫ్ పంపమన్నారు. సుష్మ ఫైలును బ్రౌజర్‌లో తెరిచి, ప్రింట్ నొక్కి, పీడీఎఫ్‌గా దాచింది.

"హో గయా! పంపేస్తున్నానమ్మా."

"ఆగు. ముందిక్కడ ఒకటి తియ్యించు. నే సూడాల."

సందు చివరి షాపులో పెద్ద కాగితం మీద తీయించారు. కనకలక్ష్మి టేపు పరిచింది. చాతీ కొలతలో నాలుగో వంతు, తొమ్మిదిన్నర అంగుళాలు ఉండాల్సింది తొమ్మిదే ఉంది.

"కంప్యూటర్ గలత్ చెయ్యదమ్మా. నీ టేపే సాగిపోయుంటది."

"ఇరవయ్యేళ్లుగా ఊరి ఆడాళ్లందరికీ సరిపోయిన టేపు, నీ బొమ్మకి సరిపోదేటే?"

సుష్మ మూతి ముడుచుకుని మళ్లీ ప్రింట్ విండో తెరిచింది. చూస్తే అమ్మ మాటే నిజం. చుట్టూ మార్జిన్ వదలడం కోసం బ్రౌజర్ బొమ్మనంతా కుదించేసింది. మార్జిన్ తీసేసి, స్కేలు వంద శాతానికి పెట్టి, కాగితం సైజు సరిచేసి మళ్లీ దాచింది. ఈసారి టేపు కింద తొమ్మిదిన్నర నిక్కచ్చిగా వచ్చింది. ఆ ఫైలు పంపేసి, డిగ్లీపూర్ షాపుకి ఫోన్ చేసి, కాగితానికి సరిపెట్టొద్దు, అసలు సైజులోనే తియ్యండని రెండుసార్లు చెప్పింది.

మర్నాడు మధ్యాహ్నం దాకా కనకలక్ష్మికి ముద్ద దిగలేదు. అప్పుడు మోగింది ఫోను.

"అక్కా, మొదటిది నేనే తొడుక్కున్నా. నువ్వు నా పక్కన కూకుని కోసినట్టే ఉంది. మిగతా గుడ్డంతా కోసేస్తన్నాం!"

కనకలక్ష్మి గర్వంతో పొంగిపోయింది. చుట్టుపక్కల వాళ్లంతా వినేలా గొంతు పెంచింది.

"మీ సంఘంలో అందరికీ సెప్పు గవరా. కొలత నాది. కాయితం నా కూతురిది!"